‘న్యూయార్క్ టైమ్స్ రాసిందట’ అన్నారా? ఫార్వర్డ్ చేసేముందు ఇలా చదవండి

మా ఫ్యామిలీ గ్రూపులో నెలకోసారైనా ఈ మాట వస్తుంది. ఒక ఫొటో, దాని కింద నాలుగు లైన్లు, చివర్లో ‘న్యూయార్క్ టైమ్స్ కథనం’ అని. ఎవరైనా అనుమానంగా ఒక్క ముక్క అన్నామా, మా బాబాయ్ వెంటనే అందుకుంటాడు: "అమెరికా పేపరోడే రాశాక నువ్వెవడివిరా కాదనడానికి?" నిజమే, నేనెవణ్ని. కాకపోతే పదేళ్లపాటు ఒక తెలుగు పేపర్ డెస్కులో కూర్చుని, రాత్రి పదింటికి వచ్చిపడే విదేశీ వార్తల్ని పన్నెండులోపు తెలుగు చేసి పేజీకి ఇచ్చినవాణ్ని కాబట్టి, ఆ పేపర్ పేరు మీద ఎన్ని రకాల సరుకు చలామణీ అవుతుందో కొంచెం తెలుసు. ఆ సరుకులో నేను తయారుచేసిందీ ఒకటుంది, కింద చెప్తాను.

దీనికి ఇంగ్లీషు గొప్పగా రావాలనేం లేదు. ఎక్కడ చూడాలో తెలిస్తే సగం పని అయిపోతుంది.

ముందు ఆ పేపర్ ఏమిటో. 1851 సెప్టెంబర్ 18న హెన్రీ రేమండ్, జార్జ్ జోన్స్ అనే ఇద్దరు న్యూయార్కులో మొదలుపెట్టారు. 1896 నాటికి దివాలా అంచుకి వచ్చిన దాన్ని అడాల్ఫ్ ఓక్స్ కొన్నాడు. ఆయన అప్పటికే టెనెసీ రాష్ట్రంలో, చటనూగా అనే ఊళ్లో పేపర్ నడుపుతున్నాడు. ఇవాళ్టికీ పెత్తనం ఆ కుటుంబానిదే. షేర్లు స్టాక్ మార్కెట్లో దొరుకుతాయి, మీరూ నేనూ కొనుక్కోవచ్చు, కానీ బోర్డులో ఎక్కువమందిని ఎన్నుకునే హక్కు వేరే రకం షేర్లకి ఉంటుంది, అవి దాదాపు అన్నీ ఆ కుటుంబం చేతిలోనే ఉన్నాయి. 2018 నుంచి పబ్లిషర్‌గా ఉన్న ఏ.జి. సల్జ్‌బర్గర్ ఆ వంశంవాడే. పేపర్ అంటే ఫలానా కుటుంబం అన్న సంగతి మనకేం కొత్త కాదు, టీ కొట్టు దగ్గర ఎవరినడిగినా ఏ పేపర్ ఎవరిదో, ఎటువైపో చెప్పేస్తారు. అక్కడా ఎడిటోరియల్ పేజీ తన మొగ్గు దాచుకోదు: అధ్యక్ష ఎన్నికల్లో ఒక రిపబ్లికన్‌ని అది ఆఖరిసారి సమర్థించింది 1956లో, ఐసన్‌హోవర్‌ని. ఆ తర్వాత ప్రతిసారీ డెమోక్రాట్‌నే. అయితే ఎడిటోరియల్ పేజీ వేరు, వార్తల పేజీలు వేరు, ఈ గోడ గురించే మనం ఎక్కువసేపు మాట్లాడుకోవాలి.

దానికన్నా ముందు ఇంకో తేడా. మన పేపర్లకి జిల్లా పేజీలుంటాయి, మండలంలో కంట్రిబ్యూటర్ ఉంటాడు, మన ఊరి పైపులైను పగిలినా రేపు పొద్దున్నే వస్తుంది. టైమ్స్ నుంచి అది ఆశించొద్దు. 1980 నుంచి దానికి జాతీయ ఎడిషన్ ఉంది, దేశమంతా దొరుకుతుంది, కానీ అది ఊరూరి పేపర్ కాదు. డల్లాస్‌లో ఉండే మనవాళ్లకి స్కూల్ బోర్డు గొడవో, ఆస్తిపన్నో తెలియాలంటే డల్లాస్ మార్నింగ్ న్యూస్ చూడాలి, టైమ్స్‌లో రాదు. ‘అంత పెద్ద పేపర్‌లో రాలేదంటే అది జరగనట్టే’ అని వాదించేవాళ్లకి ఈ ఒక్క ముక్క చాలు.

మరి అంత పెద్దది ఎలా అయింది? ప్రతులు లెక్కపెడితే ఆశ్చర్యపోతారు. 1990ల్లో రోజుకి పదకొండు లక్షలు దాటి అమ్మిన పేపర్, ఇప్పుడు మామూలు రోజుల్లో అచ్చయ్యేది మూడు లక్షల లోపే. మన ఈనాడు ప్రతులు అంతకన్నా చాలా ఎక్కువ. బతుకంతా ఇప్పుడు డిజిటల్‌లో ఉంది. 2011లో వెబ్‌సైట్‌కి డబ్బు కట్టమన్నప్పుడు ఎవడు కడతాడని నవ్వినవాళ్లే ఎక్కువ, ఇప్పుడు చందాదారులు కోటీ పది లక్షలు దాటారు. వీళ్లంతా అంతర్జాతీయ రాజకీయాలు చదవడానికే కట్టారనుకోకండి. 2022 జనవరిలో ఒకే నెలలో వర్డిల్ అనే పదాల ఆటనీ, 55 కోట్ల డాలర్లు పెట్టి ది అథ్లెటిక్ అనే స్పోర్ట్స్ సైట్‌నీ కొంటున్నట్టు ప్రకటించారు. వంటలకి ఒక యాప్, ఆటలకి ఒక యాప్. పొద్దున్నే ఐదక్షరాల పదం పట్టుకోవడానికి వచ్చినవాళ్ల డబ్బు యుద్ధంలో ఉన్న రిపోర్టర్‌కీ కొంత వెళ్తుంది, నాకైతే అందులో తప్పేమీ కనపడదు, మన పేపర్లు రాశిఫలాలతో చేసే పని కూడా అదే కదా.

అసలు బలం ఎంతమంది చదువుతారన్న దాంట్లో లేదు, ఎవరు చదువుతారన్న దాంట్లో ఉంది. టీవీ న్యూస్‌రూముల్లో ఆ రోజు ఏం చెయ్యాలో తేల్చుకునేవాళ్లు, వాషింగ్టన్‌లో కాంగ్రెస్ సిబ్బంది, రాయబార కార్యాలయాలవాళ్లు, ఇంకా నాలాంటి డెస్కువాళ్లు ప్రపంచమంతటా. 2017 అక్టోబర్ 5న హాలీవుడ్ నిర్మాత హార్వీ వైన్‌స్టీన్ లైంగిక వేధింపుల మీద జోడీ కాంటర్, మేగన్ టూహీ రాసిన కథనం వచ్చింది. పది రోజులు తిరిగేసరికి ‘మీ టూ’ అన్న మాట ఊరూరా మోగుతోంది. ఏడాదికి అది మన దేశానికీ వచ్చింది, 2018 అక్టోబర్‌లో కేంద్ర సహాయమంత్రి ఎం.జె. అక్బర్ రాజీనామా చేశారు. అంతా ఒక్క పేపర్ చేసిందని కాదు, న్యూయార్కర్ పత్రిక కూడా అదే వారంలో రాసింది, మాట్లాడిన ఆడవాళ్లు లేకపోతే అసలు కథనమే లేదు. కానీ రాయి అక్కడ పడితే అలలు ఇక్కడిదాకా ఎలా వస్తాయో చూడ్డానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

సరే, ఇక పని మొదలుపెడదాం. లింక్ వచ్చింది, తెరిచారు. హెడ్డింగ్ చదవొద్దు, దాని పైన ఉన్న చిన్న మాట చూడండి. ‘ఒపీనియన్’ అనిగానీ ‘గెస్ట్ ఎస్సే’ అనిగానీ ఉందా? ఉంటే అది వార్త కాదు, బయటివాళ్లో కాలమిస్టో రాసిన అభిప్రాయం. ఆ మాట కనపడకపోతే అడ్రస్ బార్‌లో చూడండి, సంవత్సరం, నెల, తేదీ అంకెలు అయ్యాక ఒక మాట వస్తుంది. ‘వరల్డ్, ఏషియా’ అని ఉంటే అది వార్తా విభాగం వాళ్లది. అక్కడ ‘ఒపీనియన్’ అని ఉంటే ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదు. ఫోన్‌లో లింక్ మీద వేలు పెట్టి పట్టుకుంటే ఆ అడ్రస్ తెరవకుండానే కనిపిస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు కూడా.

ఇందులోనే మళ్లీ మూడు రకాలు. ‘ఎడిటోరియల్ బోర్డ్’ అని సంతకం ఉంటే మన సంపాదకీయం లాంటిది, అది ఒక్కటే పేపర్ సొంత గొంతు. రెండోది కాలమిస్టులది, జీతం పేపర్‌దే కానీ అభిప్రాయం వాళ్లది. మూడోది బయటివాళ్లు రాసేది. 1970 సెప్టెంబర్‌లో ఎడిటోరియల్‌కి ఎదురు పేజీలో ఇలాంటివి వేయడం మొదలుపెట్టి దానికి ఆప్-ఎడ్ అని పేరు పెట్టారు. 2021లో ఆ పేరు తీసేసి గెస్ట్ ఎస్సే అన్నారు, ఎందుకంటే ఆన్‌లైన్‌లో ఎదురు పేజీ అనేది ఎక్కడుంది? పైగా జనానికి ఆ తేడా అర్థమయ్యేది కాదు. 2020 జూన్‌లో రిపబ్లికన్ సెనేటర్ టామ్ కాటన్, నిరసనల్లో జరుగుతున్న అల్లర్ల మీదికి సైన్యాన్ని దింపాలని ఇందులోనే రాశాడు. సొంత ఉద్యోగులే వందలమంది గొడవ చేశారు, ఒపీనియన్ విభాగం ఎడిటర్ జేమ్స్ బెన్నెట్ నాలుగు రోజుల్లో కుర్చీ దిగిపోయాడు. ఆ వ్యాసాన్ని పట్టుకుని ‘సైన్యాన్ని దింపాలన్న న్యూయార్క్ టైమ్స్’ అని ఎవరైనా తెలుగులో హెడ్డింగ్ పెడితే ఎంత ఎబ్బెట్టుగా ఉంటుందో ఊహించండి.

నేను చేసింది సరిగ్గా అదే. ఒక రాత్రి మన దేశం గురించి ఎవరో విదేశీ ప్రొఫెసర్ రాసిన గెస్ట్ ఎస్సే చేతికొచ్చింది. పేజీ వదలడానికి నలభై నిమిషాలుంది, టెన్షన్, హెడ్డింగ్ పెట్టింది నేనే: ‘భారత్‌పై న్యూయార్క్ టైమ్స్ నిప్పులు’. మర్నాడు ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు గారు ఆఫీసుకి ఫోన్ చేసి నన్నే అడిగి పిలిపించుకుని, "బాబూ, మా ఊరివాడు మీ పేపర్‌కి ఉత్తరం రాస్తే అది మీ పేపర్ మాటేనా?" అన్నారు. ఏం చెప్పను. మేమేమీ సవరణ వేయలేదు. ఆ హెడ్డింగే మూడు రోజులపాటు టీవీ చర్చల్లో తిరిగింది.

ఒపీనియన్ కాదు, వార్తే అని తేలిందనుకోండి. ఇప్పుడు రిపోర్టర్ పేరు కింద ఏ ఊరి పేరు ఉందో చూడండి. దాన్ని మనం డేట్‌లైన్ అంటాం, అమెరికావాళ్లూ అదే అంటారు. ఈమధ్య వెబ్‌లో దాని బదులు, ఫలానా ఊరి నుంచి రిపోర్ట్ చేశారు అని రిపోర్టర్ పేరుతో కలిపి ఇస్తున్నారు. హైదరాబాద్ వార్త ఢిల్లీలో కూర్చుని రాశారా, ఇక్కడికి వచ్చి రాశారా అన్నది అక్కడే తెలిసిపోతుంది. అలాగే పేరు చెప్పని మనుషులు. మన దగ్గర ‘విశ్వసనీయ వర్గాల సమాచారం’ అన్న ముక్క వేసేస్తే పనైపోతుంది, ఆ వర్గాలు ఒక్కోసారి పక్క టేబులే. టైమ్స్‌లో ఇలాంటిచోట మూడు సంగతులు వెతకండి: ఎంతమంది చెప్పారు, వాళ్లకి ఆ సంగతి ఎలా తెలుసు, పేరు ఎందుకు దాచుకున్నారు. మూడూ ఉంటే కాస్త నమ్మొచ్చు. ఒక్క అధికారి చెప్పాడు అని మాత్రమే ఉంటే ఆ అధికారికి ఏం లాభమో ఆలోచించండి.

తర్వాత కిందికి జరపండి, చిట్టచివరికి. చాలామంది చూడని లైన్ ఒకటి అక్కడ చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఈ కథనం ఫలానా తేదీన, సెక్షన్ ఏ, ఫలానా పేజీలో, న్యూయార్క్ ఎడిషన్‌లో, ఫలానా హెడ్డింగ్‌తో అచ్చయింది అని. నాకు దాంట్లో ఇష్టమైనవి రెండు: పేజీ నంబరు, అచ్చులో పెట్టిన హెడ్డింగ్. వెబ్‌లో హెడ్డింగ్ ఒకటుంటుంది, పేపర్‌లో ఇంకోటి. మొదటి పేజీయా, పదకొండో పేజీయా అన్నది చూస్తే వాళ్లు దానికి ఎంత విలువ ఇచ్చారో తెలుస్తుంది. ఆ లైన్ లేకపోతే, చూసే సమయానికి ఇంకా అచ్చవలేదో, అసలు అచ్చులోకే వెళ్లలేదో అనుకోవాలి.

2022 ఆగస్టులో ఢిల్లీ బడుల గురించి జరిగిన రభస ఈ లైన్ విలువ తెలియకే జరిగింది. ఆప్ ప్రభుత్వం బడుల్ని ఎలా మార్చిందో టైమ్స్ రాసింది, అంతర్జాతీయ ఎడిషన్ మొదటి పేజీలో అప్పటి ఢిల్లీ విద్యాశాఖ మంత్రి మనీశ్ సిసోడియా ఫొటోతో వచ్చింది. మర్నాడే ఆయన ఇంటికి సీబీఐ వెళ్లింది. ఇక చూడండి, ఒకవైపు అమెరికా పేపరే మొదటి పేజీలో మెచ్చుకుందని, ఇంకోవైపు అది డబ్బిచ్చి వేయించుకున్న వార్త అని. రెండోవాళ్ల సాక్ష్యం ఏమిటంటే దుబాయ్ ఖలీజ్ టైమ్స్‌లో అదే కథనం అక్షరం పొల్లుపోకుండా వచ్చిందట. టైమ్స్ జవాబు చెప్పింది: అది అక్కడికి వెళ్లి నిష్పక్షపాతంగా చేసిన రిపోర్టింగ్, మా కథనాల్ని వేరే పేపర్లు లైసెన్స్ తీసుకుని వేసుకోవడం మామూలే అని. డెస్కులో పనిచేసినవాళ్లకి ఇందులో వింతే లేదు, వార్తాసంస్థ పీటీఐ ఇచ్చిన కాపీ పది పేపర్లలో ఒకేలా రావడంలాంటిదే. మొదటి పేజీ అన్నవాళ్లు కూడా ఏ ఎడిషన్ మొదటి పేజీయో చెప్పలేదు మరి, అమెరికాలో అమ్మే పేపర్‌కీ బయట అమ్మేదానికీ పేజీలు వేరుగా ఉంటాయి. ఈ బయటి పేపర్‌కి ఒకప్పుడు ఇంటర్నేషనల్ హెరాల్డ్ ట్రిబ్యూన్ అని పేరు, 2013లో టైమ్స్ తన పేరు పెట్టుకుంది.

ఇక లింక్ లేకుండా ఫొటో ఒక్కటే వస్తే? అనుమానించండి, అంతే. 2021 సెప్టెంబర్‌లో ప్రధాని మోదీ ఫొటోతో, భూమికి చివరి గొప్ప ఆశ అన్న అర్థం వచ్చే హెడ్డింగ్‌తో టైమ్స్ మొదటి పేజీ అని ఒకటి దేశమంతా తిరిగింది. అది పూర్తిగా కల్పితమని టైమ్స్ స్వయంగా ప్రకటించింది. పేపర్ పేరు కింద తేదీ చూస్తే వాళ్లు ప్రకటించక్కర్లేకుండానే దొరికేది, సెప్టెంబర్ స్పెల్లింగ్‌లో ‘టీ’, ‘పీ’ అక్షరాలు తారుమారయ్యాయి. అంత కష్టపడి అక్షరాల రూపం, పేజీ అమరిక అన్నీ దించినవాడికి నెల పేరు దగ్గర చెయ్యి జారింది. ఇలాంటివి వచ్చినప్పుడు సైట్‌లో ‘టుడేస్ పేపర్’ అనే విభాగం ఉంటుంది, ఆ రోజు ఏ పేజీలో ఏం వచ్చిందో వరుసగా ఉంటుంది, అక్కడ వెతకండి. పాత రోజులదైతే టైమ్స్‌మెషీన్ అని ఉంది, 1851 నుంచి 2002 దాకా పేజీలకి పేజీలు స్కాన్ చేసి పెట్టారు, అందులో పడితే మాత్రం తెల్లారిపోతుంది, నాది పూచీ కాదు. ఇంకో గుర్తు: నిజమైన మొదటి పేజీలో ఆ రోజు అన్నిటికన్నా పెద్ద వార్త మామూలుగా కుడిచేతివైపు పై కాలమ్‌లో ఉంటుంది. మనం ఎడమ నుంచి చూసే అలవాటున్నవాళ్లం కాబట్టి మధ్యలో ఉన్న పెద్ద ఫొటోనే ప్రధాన వార్త అనుకుంటాం. చాలాసార్లు కాదు.

ఇన్ని చూశాక కూడా పేపర్ తప్పు రాయొచ్చు. 1920 జనవరిలో రాబర్ట్ గొడార్డ్ అనే శాస్త్రవేత్త రాకెట్ చంద్రుడి దాకా పోవచ్చంటే, శూన్యంలో రాకెట్ పనిచేయదు, ఈయనకి హైస్కూల్ పాఠం కూడా తెలియదని టైమ్స్ సంపాదకీయంలో ఎగతాళి చేసింది. 1969 జులై 17న, అపోలో 11 చంద్రుడి దారిలో ఉండగా, శూన్యంలోనూ రాకెట్ పనిచేస్తుందని రుజువైంది, పొరపాటుకి చింతిస్తున్నాం అని సవరణ వేసింది. పాపం గొడార్డ్ 1945లోనే పోయాడు. అంత జరిగాక కూడా బుద్ధి రాలేదో ఏమో, శ్రీహరికోట నుంచి వెళ్లిన మంగళ్‌యాన్ 2014లో అంగారకుడి కక్ష్యలోకి చేరిన నాలుగు రోజులకే, ఆవును తోలుకొచ్చిన రైతు అంతరిక్ష పెద్దల క్లబ్బు తలుపు కొడుతున్నట్టు కార్టూన్ వేశారు. మనవాళ్లు ఊరుకోలేదు, ఎడిటోరియల్ పేజీ ఎడిటర్ ఆండ్రూ రోసెంతాల్ క్షమాపణ చెప్పాడు. 2019 నుంచి అంతర్జాతీయ ఎడిషన్‌లో రాజకీయ కార్టూన్లే మానేశారు, దానికి కారణం మన ఆవు కాదులెండి, యూదుల్ని కించపరిచిన ఇంకో కార్టూన్.

ఇవి నవ్వుకునే తప్పులు. నవ్వుకోలేనిది ఇరాక్ విషయం. యుద్ధానికి ముందు, అక్కడ సామూహిక విధ్వంసక ఆయుధాలున్నాయన్న కథనాలు కొన్ని మొదటి పేజీలో గట్టిగా వచ్చాయి. ఆయుధాలు దొరకలేదు. 2004 మే 26న ఎడిటర్లు తమ పనిలో లోపాల గురించి వివరణ ఇచ్చారు, లోపల పదో పేజీలో. అందుకే పేజీ నంబరు చూడమన్నది. అంతకు ముందు ఏడాది జేసన్ బ్లెయిర్ అనే రిపోర్టర్ వెళ్లని ఊళ్ల నుంచి వార్తలు అల్లాడని తేలినప్పుడు మాత్రం మొదటి పేజీలో మొదలుపెట్టి లోపల పేజీలకి పేజీలు తమ తప్పుని తామే విప్పి రాశారు, ఎగ్జిక్యూటివ్ ఎడిటర్ హోవెల్ రెయిన్స్ పదవి వదిలాడు. కాబట్టి కథనం చివర సవరణ ఉంటే పేపర్ పరువు పోయిందనుకోకండి, నాకైతే సవరణ లేని పేపర్ అంటేనే భయం, ఎందుకో పైన చెప్పాను కదా.

అంత ధైర్యంగా రాయడానికి వాళ్లకి చట్టం అండ కూడా ఉంది. 1964లో టైమ్స్, సలివన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఒక గీత గీసింది: ప్రభుత్వ అధికారి పరువు నష్టం దావాలో గెలవాలంటే, అబద్ధమని తెలిసి రాశారనో, నిజమో కాదో అసలు పట్టించుకోకుండా రాశారనో రుజువు చేయాలి. 1971లో వియత్నాం యుద్ధం మీద రహస్య పత్రాలు వేస్తుంటే ప్రభుత్వం ఆపించబోయింది, మొదటి కథనం జూన్ 13న, సుప్రీంకోర్టు తీర్పు జూన్ 30న, ఆరుగురు జడ్జిలు పేపర్ వైపు, ముగ్గురు ప్రభుత్వం వైపు. పరువు నష్టం ఇప్పటికీ క్రిమినల్ నేరంగా ఉన్న మన దగ్గర, మండల కంట్రిబ్యూటర్‌ని పట్టుకుని టైమ్స్‌లా ఎందుకు రాయవని అడగడం అన్యాయం.

డబ్బు సంగతి. చందా కట్టినవాళ్లు నెలకి పది కథనాలు ‘గిఫ్ట్’ లింకుగా పంపొచ్చు, అవతలివాళ్లు ఫ్రీగా చదువుకోవచ్చు, అమెరికాలో ఉన్న మీ చెల్లెలో మరిదో కట్టి ఉంటే అడగండి. అక్కడ చదువుకుంటున్న పిల్లలైతే యూనివర్సిటీ లైబ్రరీ పేజీ ఒకసారి చూసుకోవాలి, చాలాచోట్ల ఉచితంగా ఇస్తారు. ఊళ్లో పబ్లిక్ లైబ్రరీ కార్డున్నా చాలాచోట్ల ఒకటో మూడో రోజులకి పాస్ దొరుకుతుంది, అయిపోగానే మళ్లీ తీసుకోవచ్చు. స్క్రీన్‌షాట్లు పంపుకోవద్దు, కాపీరైట్ గొడవ సంగతి అటుంచితే, స్క్రీన్‌షాట్‌లో మొదట కత్తిరించుకుపోయేది ఆ ‘ఒపీనియన్’ అన్న చిన్న మాటే.

ఇదంతా మా బాబాయ్‌కి ఫోన్‌లో గంటసేపు చెప్పాను. పోయిన ఆదివారం గ్రూపులో కాకుండా నాకొక్కడికే ఒక లింక్ పంపాడు. "ఒపీనియన్ అని ఉందిరా. పంపొచ్చా?"

"పంపు బాబాయ్, రాసినాయన పేరు పైన వేసి పంపు."

వేశాడు. ఆ పేరులో రెండక్షరాలు తప్పు. చెప్తే, "వాళ్లకే నలభై తొమ్మిదేళ్లు పట్టిందన్నావుగా, నాకేం తొందర" అన్నాడు.